పాత టెనర్ శాక్స్ చౌకగా కొని జాజ్ స్టాండర్డ్స్ వాయించడం ఎలా

జాజ్ టెనర్ అనగానే మాట ఫ్రెంచి కంపెనీ సెల్మర్ చేసిన మార్క్ సిక్స్ మీదకే వెళ్తుంది. 1954లో వచ్చిన మోడల్, గొప్ప వాద్యమే, అందులో పేచీ లేదు, కానీ దాని ధర మామూలుగా వాయించుకునేవాళ్లకి అందకుండా పోయి చాలా ఏళ్లయింది. మీ దగ్గర అంత డబ్బు లేదని దిగులు పడాల్సిన పనేమీ లేదు. ఇవాళ మనం స్టాండర్డ్స్ (జాజ్ వాళ్లందరికీ తెలిసిన పాటలు) అని వాయించే పాటల్లో చాలావాటికి మార్క్ సిక్స్ కంటే వయసెక్కువ, అవి కొత్తగా ఉన్న రోజుల్లో బ్యాండుల్లో మోగినవాటిలో కాన్, బ్యూషర్, మార్టిన్, కింగ్ లాంటి అమెరికన్ టెనర్లు బోలెడు. పేరున్న జాజ్ టెనర్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ చేతిలో కాన్ ఉండేది, డెక్స్టర్ గోర్డన్ కూడా చాలాకాలం కాన్ 10ఎమ్ మీదే వాయించాడు. ఆ కంపెనీల టెనర్లు, ముఖ్యంగా వాటిలో రెండో వరస మోడళ్లు, ఇప్పటికీ సెల్మర్ ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి.

అలాంటి శాక్స్ ఎలా ఎంచుకోవాలి, ఎలా దారికి తెచ్చుకోవాలి, దాని మీద ఏ పాటలు ఎలా మొదలుపెట్టాలి అన్నది వరసగా చెప్తాను. బ్రాండ్ పేరు చూసి డబ్బు పెట్టొద్దు. ప్యాడ్లు (కీల కింద రంధ్రాలని మూసే మెత్తలు) గాలి వదలకుండా మూసుకుంటున్నాయా, దానికి తగ్గ మౌత్‌పీస్ పెట్టారా అన్నవాటి మీదే పెట్టండి, మిగతాదంతా మీ ఊపిరి పని.

1. ఏవి వెతకాలి

కాన్ 10ఎమ్ పేరున్నది కాబట్టి దాని రేటు కూడా పెరిగింది. బెల్ (శాక్స్ చివర తెరుచుకున్న పెద్ద నోరు) మీద అమ్మాయి బొమ్మ చెక్కి ఉంటుంది, అందుకే దానికి నేకెడ్ లేడీ అని పేరు. అది దొరక్కపోతే కాన్ వాళ్లే 1920ల్లో చేసిన న్యూ వండర్ చూడండి, కీల అమరిక పాతకాలం నాటిది అయినా మోత మాత్రం చాలా పెద్దది. బ్యూషర్ అరిస్టోక్రాట్ నాకు బాగా ఇష్టం, గుండ్రంగా, మెత్తగా మోగుతుంది. 1963లో బ్యూషర్‌ని సెల్మర్ అమెరికా కంపెనీ కొనేసింది, ఆ తర్వాత విద్యార్థుల కోసం బండీ పేరుతో అమ్మిన టెనర్లు ఆ పాత బ్యూషర్ డిజైన్ మీదే తయారయ్యాయి. బండీ అంటే స్కూల్ బ్యాండ్ శాక్స్ కదా అని చాలామంది ముఖం తిప్పుకుంటారు, తిప్పుకోనివ్వండి, రేటు తక్కువగా ఉండేది అందుకే.

కింగ్‌లో సూపర్ 20 ఖరీదు, జెఫిర్ దానికంటే బాగా తక్కువ, క్లీవ్‌లాండ్ మోడల్ ఇంకా తక్కువ. మార్టిన్ టెనర్లకి టోన్ హోల్స్ (స్వరాల రంధ్రాల అంచులు) విడిగా చేసి టంకం వేసి అతికిస్తారు, గొంతు చిక్కగా ఉంటుంది కానీ ఆ అతుకుల దగ్గర టంకం తినేసిందేమో చూసుకోవాలి. యూరప్ నుంచి వచ్చినవాటిలో చెకోస్లొవేకియా అమాటి, తూర్పు జర్మనీ వెల్ట్‌క్లాంగ్ చవకగా దొరుకుతాయి, అయితే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, వాయించి చూడకుండా తీసుకోకండి. ఇక పాత మోత కంటే టెన్షన్ లేకపోవడమే ముఖ్యం అనుకుంటే యమహా వైటీఎస్-21 గానీ 23 గానీ తీసుకోండి. వాటిని వింటేజ్ అనడానికి కొందరు ఒప్పుకోరు, కానీ శ్రుతి నిలకడగా ఉంటుంది, వేళ్లు ఇబ్బంది పడవు, ఏ రిపేర్ టెక్నీషియన్‌కైనా తెలిసిన శాక్స్.

వేరే ఏదో పేరు చెక్కి ఉన్న పాత శాక్స్ కనబడితే వెంటనే వదిలేయకండి. పెద్ద ఫ్యాక్టరీలు దుకాణాల పేర్లతో కూడా బోలెడు తయారు చేసి ఇచ్చేవి, వాటిని స్టెన్సిల్స్ అంటారు. కీల ఆకారం, గార్డుల డిజైన్, సీరియల్ నంబర్ వేసిన చోటు చూసి అది ఏ ఫ్యాక్టరీ సరుకో తెలిసినవాళ్లు చెప్పేస్తారు. లోపల అసలు సరుకే ఉండి పైన పేరు లేనివి ఒక్కోసారి అన్నిటికంటే మంచి బేరం.

2. రెండు ఉచ్చులు

పాత శాక్స్ కొనేవాళ్లు పడేవి ముఖ్యంగా ఈ రెండే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

మొదటిది సి మెలడీ. 1920ల్లో ఇళ్లల్లో పియానో పక్కన కూర్చుని వాయించుకోవడానికి సి స్కేల్‌లో ఉండే శాక్సులు లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి. చూడటానికి టెనర్ లాగానే ఉంటుంది, కాకపోతే కాస్త చిన్నది, సన్నగా ఉంటుంది. తెలియక కొందరు, తెలిసే కొందరు దాన్ని టెనర్ అని అమ్మేస్తారు. పట్టుకోవడం చాలా తేలిక: ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని సి స్వరం పట్టుకుని ఊదండి. ట్యూనర్ బి ఫ్లాట్ చూపిస్తే అది టెనర్. సి చూపిస్తే అది సి మెలడీ, టెనర్ మౌత్‌పీస్ పెట్టినా టెనర్ అయిపోదు. దూరం నుంచి కొంటుంటే అమ్మేవాళ్లని ఈ ఒక్క వీడియో పంపమనండి, ట్యూనర్ తెర కనబడేలా. పంపకుండా నానుస్తుంటే అక్కడితో వదిలేయండి.

రెండోది హై పిచ్. ఇప్పుడు అందరం ఏ (A) అనే స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పెడతాం, కానీ వందేళ్ల కిందట చాలా బ్యాండులు అంతకంటే బాగా పైన, 450 దాటి వాయించేవి, ఆ బ్యాండుల కోసం విడిగా శాక్సులు చేసేవారు. అలాంటివాటి మీద సీరియల్ నంబర్ దగ్గర హెచ్ అనో, హెచ్‌పీ అనో, హై పిచ్ అనో ముద్ర ఉంటుంది. ఎల్, ఎల్‌పీ, లో పిచ్ అని ఉంటే భయం లేదు. హై పిచ్ శాక్స్‌ని మౌత్‌పీస్ బయటికి లాగి సర్దుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. రంధ్రాల మధ్య దూరాలే వేరు కాబట్టి ఒక స్వరం సరిచేస్తే ఇంకోటి తప్పుతుంది, పియానోతో ఎప్పటికీ కలవదు.

3. చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

ముందు ఊదకుండా చూడండి. నెక్ (మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టం) తీసి పక్క నుంచి చూస్తే వంపు సాఫీగా ఉండాలి. వంపు కింద ముడతలు పడి ఉన్నా, గొట్టం కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోయినా ఎవరో మౌత్‌పీస్ బలవంతంగా తోసి నెక్‌ని కిందికి వంచేశారని అర్థం. తర్వాత శాక్స్‌ని అడ్డంగా పట్టుకుని పొడవునా చూపు సారించండి, రాడ్లు గీత గీసినట్టు ఉండాలి, శరీరం వంగి ఉంటే కీలు ఎప్పుడూ ఇరుక్కుంటూనే ఉంటాయి. చిన్న చిన్న సొట్టలు పట్టించుకోనక్కర్లేదు. లాకర్ (పైన వేసే మెరుపు పూత) పోయి రంగు మారినా సరే, దాని వల్ల మోత చెడదు, పైగా రేటు తగ్గుతుంది. చెక్కిన బొమ్మలు అరిగి మసకబారి ఉంటే మళ్లీ పాలిష్ చేసి లాకర్ వేసినట్టు. ఏరి దాచుకునేవాళ్లు దాన్ని వద్దంటారు, వాయించడానికి మాత్రం మీకు అభ్యంతరం ఉండక్కర్లేదు.

కీలని పక్కలకి మెల్లిగా ఊపి చూడండి. కొద్దిగా కదిలితే ఫర్వాలేదు, గలగలమంటే రాడ్లు అరిగిపోయాయి, ఆ పని ఖర్చుతో కూడుకున్నది.

నెక్ ఒక్కటే చేతిలోకి తీసుకుని, కింది చివర అరచేతితో గట్టిగా మూసి, కార్క్ వైపు నుంచి గాలి పీల్చండి. ఆక్టేవ్ ప్యాడ్ (పై స్థాయి స్వరాలకి తెరుచుకునేది) బాగుంటే గాలి ఆగి నాలుక అంటుకుంటుంది. మెల్లిగా గాలి జారిపోతుంటే అక్కడే ఒక లీకు దొరికింది.

ఇప్పుడు ఊదండి, కానీ గట్టిగా కాదు. గట్టిగా ఊదితే ఏ లీకైనా దాగిపోతుంది. మధ్యలో బి స్వరం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ దిగుతూ కింది బి ఫ్లాట్ దాకా గుసగుసలాడినట్టు ఊదుతూ వెళ్లండి. ఎక్కడ శబ్దం బరువెక్కి, గొంతు పట్టేసినట్టయి, పై ఆక్టేవ్‌కి ఎగిరిపోతుందో ఆ స్వరం మూసే ప్యాడ్ దగ్గరో దానికి పైనో లీకు ఉంది. అదే స్వరాన్ని వేళ్లు గట్టిగా నొక్కి మళ్లీ ఊదండి. అప్పుడు సాఫీగా వస్తే ప్యాడ్ సరిగ్గా కూర్చోవడం లేదని తేలినట్టే. ఎక్కువసార్లు దొంగ జి షార్ప్ ప్యాడే, వేళ్లు దాని మీద లేకపోయినా అది కొంచెం తెరుచుకుని కింది స్వరాలన్నిటినీ చెడగొడుతుంది.

ఆక్టేవ్ కీ పట్టుకుని జి నుంచి ఏ కి వెళ్లండి. జి దగ్గర శరీరం మీది రంధ్రం తెరుచుకోవాలి, ఏ దగ్గర అది మూసుకుని నెక్ మీదది తెరుచుకోవాలి. జి పట్టుకుని బొటనవేలితో ఆక్టేవ్ కీని టపటపా కొట్టినప్పుడు నెక్ మీది ప్యాడ్ ఎగరకూడదు.

ప్యాడ్లు మొత్తం మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ఒక్కోసారి మీరు శాక్స్‌కి పెట్టినదాన్ని మించిపోతుంది. అందుకే ధర అడిగేటప్పుడే రిపేర్ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. వాయించే స్థితిలో ఉంది అని అమ్మేవాళ్లు అంటే చాలాసార్లు శబ్దం వస్తుంది అని మాత్రమే అర్థం. పాత బ్యూషర్లలో ప్యాడ్‌ని బటన్‌లా నొక్కి బిగించే స్నాప్‌లు ఉంటాయి, వాటిని ఎవరైనా పీకేశారేమో కూడా చూడండి, అవి ఉంటే రిపేర్ చేసేవాళ్ల పని సులువవుతుంది.

కొన్నాక మొదటి పని టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లడం, సాధన కాదు. లీకున్న శాక్స్ మీద సాధన చేస్తే దవడ బిగించడం అలవాటైపోతుంది, అది వదిలించుకోవడానికి చాలాకాలం పడుతుంది.

4. మౌత్‌పీస్ దగ్గర తొందర వద్దు

పాత కాన్, బ్యూషర్ శాక్సులు తయారైన కాలంలో మౌత్‌పీస్‌ల లోపలి గది పెద్దగా ఉండేది. శాక్స్ శ్రుతి అంతా ఆ గదిలో పట్టే గాలిని లెక్కలో పెట్టుకునే కుదిర్చారు. ఇప్పుడు రాక్, ఫంక్ కోసం చేసే సన్న గది, ఎత్తు బాఫిల్ (లోపలి పైకప్పు) ఉన్న మౌత్‌పీస్ పెడితే పై స్వరాలు పైకి పోతాయి, కింది స్వరాలు గరగరమంటాయి, చివరికి తప్పంతా శాక్స్ మీద పడుతుంది. పాత టెనర్లకి శ్రుతి ఉండదు అనే మాట సగం ఇలా పుట్టిందే.

గట్టి రబ్బరైన ఎబొనైట్‌తో చేసిన, పెద్ద గది ఉన్నది తీసుకోండి. ఓటో లింక్ టోన్ ఎడ్జ్ లాంటిది సరిపోతుంది. కొత్తవాళ్లకి కొనలో సందు 6 స్టార్ అంటే 0.095 అంగుళం, అలవాటు ఉన్నవాళ్లకి 7 స్టార్ అంటే 0.105 అంగుళం. రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే పలచటి నాలుక) రెండున్నర నంబరుతో మొదలుపెట్టండి. పెద్ద సందు పెట్టి గట్టి రీడ్ బిగించి మగతనం చూపించుకోవడం ఒక పాత జబ్బు, బ్యాలడ్ (నెమ్మదిగా సాగే పాట) వాయించేటప్పుడు అది ఊపిరి తీసేస్తుంది.

మౌత్‌పీస్ ఎంత లోపలికి తోయాలి? మౌత్‌పీస్ ఒక్కటే తీసి ఊదితే ట్యూనర్ మీద జి దగ్గర గానీ, అంతకు కాస్త కింద గానీ రావాలి. పైకి వస్తుంటే మీరు పళ్లు బిగిస్తున్నారు. అది సర్దుకున్నాక శాక్స్‌కి తగిలించి, మీ వేళ్ల ప్రకారం బి, అంటే పియానో మీద ఏ, అక్కడ శ్రుతి చూసుకోండి. ఆపైన మధ్య ఎఫ్ షార్ప్, పై డి, పై ఏ కూడా చూడండి, ఒక్క స్వరం కలిస్తే శాక్స్ కలిసినట్టు కాదు.

పాత శాక్సుల్లో కొన్ని స్వరాలు మొండిగా ఉంటాయి. మధ్య డి పైకి పోతుంటే దానికి తోడు ఎడమ చిటికెన వేలితో కింది బి కీ కూడా నొక్కండి, కొంచెం దిగుతుంది. వేళ్లన్నీ వదిలేసి వాయించే సి షార్ప్ పలచగా, కిందికి ఉంటే ఆక్టేవ్ కీతో పాటు ఎడమ ఉంగరం వేలు ఒక్కటే నొక్కి చూడండి, నిండుగా వస్తుంది. లీకు లేకపోయినా కింది బి, బి ఫ్లాట్ బుడబుడమంటుంటే బెల్ లోంచి ఒక సీసా బిరడా కింది వంపులోకి జారవిడవండి. నవ్వుకోండి, కానీ చాలాసార్లు పని చేస్తుంది.

5. వేళ్లకి అలవాటు చేయడం

పాత శాక్సుల మీద ఎడమ చిటికెన వేలికి కష్టకాలం. జి షార్ప్, సి షార్ప్, బి, బి ఫ్లాట్ కీలు బరువుగా, దూరంగా ఉంటాయి, కొత్తవాటిలా వేలు జారిస్తే వెళ్లవు. రోజూ కాసేపు కింది సి షార్ప్ నుంచి బి, బి నుంచి బి ఫ్లాట్, మళ్లీ వెనక్కి, ఇలా నెమ్మదిగా తిప్పండి. అరచేతి కీలు మరీ పల్లంగా ఉంటే మీద రబ్బరు ముక్కలు అతికించుకోండి. హై ఎఫ్ షార్ప్ కీ చాలావాటికి ఉండదు. స్టాండర్డ్స్‌కి దాని అవసరం పెద్దగా రాదు, దాని కోసం బెంగపడకండి.

6. ఊపిరి, అడుగు గొంతు

టెనర్‌లో జాజ్ వాయించేవాళ్లకి గుండెకాయ లాంటిది అడుగు రిజిస్టర్. బెన్ వెబ్‌స్టర్ బ్యాలడ్‌లో స్వరం కంటే ముందు గాలి వినిపించే ఆ పద్ధతిని సబ్‌టోన్ అంటారు, పాత పెద్ద గొంతు శాక్సుల మీద అది కొత్తవాటి కంటే తేలిగ్గా వస్తుంది. ఎలా అంటే, కింది డి పట్టుకోండి. కింది పెదవిని పళ్ల మీద నుంచి కాస్త ముందుకి తెచ్చి, దవడ కిందికి, వెనక్కి వదలండి. గాలి మాత్రం తగ్గించకండి, వేడి గాలి అద్దం మీద ఊదినట్టు వెడల్పుగా వదలండి. ముందు ఏమీ రాదు, ఉత్త గాలే వస్తుంది. పెదవిని రవ్వంత దగ్గరికి తెస్తూ పోతే ఒకచోట గాలిలోంచి స్వరం తేలుతుంది. ఆ చోటు దొరికాక సి, బి, బి ఫ్లాట్ దాకా దిగండి, తర్వాత అదే స్వరం మీద సబ్‌టోన్ నుంచి నిండు గొంతుకి, మళ్లీ సబ్‌టోన్‌కి వెళ్లి రండి.

దీనికి తోడు కింది బి ఫ్లాట్ వేళ్లు కదపకుండా ఓవర్‌టోన్లు (అదే స్వరంలో దాగిన పై స్వరాలు) తీయండి: ముందు దాని ఆక్టేవ్, తర్వాత ఎఫ్, తర్వాత పై బి ఫ్లాట్, ఆపైన డి. గొంతు లోపల మాత్రమే మార్పు జరగాలి. పాత శాక్స్ మీద శ్రుతిని చెవితో సరిచేసుకోవడం వచ్చేది దీనివల్లే, ట్యూనర్ వల్ల కాదు.

7. స్కేల్ మార్చుకోవడం

టెనర్ బి ఫ్లాట్ వాద్యం. పియానో వాళ్లు చెప్పిన స్కేల్‌కి ఒక పూర్తి స్వరం పైకి వెళ్లి మీరు వాయించాలి. వాళ్లు ఎఫ్ అంటే మీకు జి, బి ఫ్లాట్ అంటే మీకు సి, ఈ ఫ్లాట్ అంటే మీకు ఎఫ్. జాజ్ వాళ్లకి ఫ్లాట్ స్కేల్స్ ఇష్టం కాబట్టి మీ వైపుకొచ్చేసరికి అవి చాలావరకు సులువైనవిగా మారతాయి, ఇది టెనర్ వాళ్ల అదృష్టం. లీడ్ షీట్లు (పాట రాగం రాసిన కాగితాలు) కొనేటప్పుడు బి ఫ్లాట్ ఎడిషన్ తీసుకోండి, కానీ నలుగురిలో మాట్లాడేటప్పుడు స్కేల్ పేరు ఎప్పుడూ పియానో ప్రకారమే చెప్పండి.

8. ఏ పాట ముందు

ఒక్కసారిగా పది పాటలు మీదేసుకోకండి. ఒక్కోదాన్ని కాగితం లేకుండా వాయించగలిగేదాకా పట్టుకోండి.

మొదట సీ జామ్ బ్లూస్. పన్నెండు బార్ల (తాళం ఆవృత్తాల) బ్లూస్, పాట మొత్తం రెండే స్వరాలు, టెనర్ మీద ఏ, డి. వేళ్లకి పనే లేదు కాబట్టి దృష్టంతా లయ మీద పెట్టొచ్చు. ఎనిమిదో వంతు స్వరాలని మరీ గెంతించకండి, కొత్తవాళ్లు స్వింగ్ అంటే కుంటుతూ నడవడం అనుకుంటారు. నాలుకని తాళం మీద కాకుండా తాళానికి ఎదురుగా పడే స్వరం మీద తాకించి, అక్కడి నుంచి తాళం మీది స్వరానికి కలిపేయండి, స్వింగ్ దానంతటదే వస్తుంది. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి ఆ టక్కుని రెండు, నాలుగు లెక్కలుగా వినండి, అంటే అసలు వేగం 120.

తర్వాత ఆటమ్ లీవ్స్. కాస్త ఎక్కువసేపు దీని దగ్గరే ఉందాం, ఎందుకంటే జాజ్‌లో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఎలా నడుస్తాయో ఈ పాట రాగమే చెప్పేస్తుంది. బ్యాండులు ఎక్కువగా జి మైనర్‌లో వాయిస్తాయి, టెనర్ మీద అది ఏ మైనర్. మొదటి ఎనిమిది బార్ల కార్డులు డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7, ఎఫ్ మేజర్ 7, తర్వాత బి మైనర్ 7 ఫ్లాట్ 5, ఈ 7, ఏ మైనర్. రాగం ఏ, బి, సి అని మూడు మెట్లెక్కి ఎఫ్ మీద ఆగుతుంది. ఆగిన చోట కార్డు డి మైనర్, దాని మూడో స్వరం ఎఫ్. తర్వాత జి, ఏ, బి ఎక్కి ఈ మీద ఆగుతుంది, అక్కడ కార్డు సి మేజర్, మూడో స్వరం ఈ. తర్వాత ఆగేది డి మీద, కార్డు బి మైనర్ 7 ఫ్లాట్ 5, మళ్లీ మూడో స్వరమే. చివరికి సి మీద, కార్డు ఏ మైనర్, మళ్లీ అదే. అంటే రాగం ఆగే నాలుగు చోట్లా మూడో స్వరమే ఉంది, ఎఫ్, ఈ, డి, సి అంటూ మెట్టు మెట్టూ దిగుతోంది.

ఇది తెలిశాక ఇలా చేయండి. ముందు ఒక్కో కార్డుకి మూడో స్వరం మాత్రమే పొడుగ్గా పట్టండి. తర్వాత ఏడో స్వరాలు కలపండి: డి మైనర్‌లో సి, అది అర మెట్టు దిగితే జి 7కి మూడో స్వరమైన బి. జి 7లో ఏడోది ఎఫ్, అది అర మెట్టు దిగితే సి మేజర్‌కి మూడో స్వరమైన ఈ. ఈ రెండు దిగడాలని సబ్‌టోన్‌లో నెమ్మదిగా వాయిస్తూ కూర్చుంటే, ఏ అలంకారాలూ లేకుండానే వింటున్నవాళ్లకి కార్డులు మారడం వినబడుతుంది. ఆ స్వరాల చుట్టూ ఒక మెట్టు పై నుంచో, అర మెట్టు కింద నుంచో వచ్చి చేరడం మొదలుపెట్టండి. అదే సోలో. వేగంగా స్కేళ్లు దొర్లించడం కంటే ఇది ఎంతో నయం, పాత శాక్స్ మీద ఇంకా నయం, దానికి పరుగులు నచ్చవు, మాట్లాడితే నచ్చుతుంది.

మూడోది బ్లూ బాసా, పదహారు బార్లు, మీకు డి మైనర్, మధ్యలో నాలుగు బార్లు ఈ ఫ్లాట్ మేజర్. లేదా సో వాట్, అందులో మీకు ఈ డోరియన్ (ఒక రకం మైనర్ స్కేల్) పదహారు బార్లు, ఎఫ్ డోరియన్ ఎనిమిది, మళ్లీ ఈ డోరియన్ ఎనిమిది. కార్డులు తక్కువ కాబట్టి ఎక్కడున్నామో లెక్క తప్పిపోవడం అసలు ప్రమాదం. వేళ్లు కాదు, బార్లు లెక్కపెట్టుకోండి.

అప్పుడు ఒక బ్యాలడ్. మిస్టీ మీకు ఎఫ్‌లో వస్తుంది, మొదటి మూడు స్వరాలు సి, ఏ, ఈ. ఆ ఈ ఎఫ్ మేజర్ 7కి ఏడో స్వరం, తొందరపడి వదిలేయకుండా గాలి నింపి పట్టుకోండి, చివర్లో మాత్రమే వైబ్రేటో (స్వరాన్ని వణికించడం) వేయండి. సాహిత్యం నేర్చుకోండి. డెక్స్టర్ గోర్డన్ బ్యాలడ్ వాయించే ముందు మైక్‌లో ఆ పాట మాటలు చెప్పి మొదలుపెట్టేవాడు. ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ మాట మీద బరువు వేయాలో మాటలు తెలిస్తే గానీ తెలియదు.

కోల్‌మన్ హాకిన్స్ 1939లో రికార్డు చేసిన బాడీ అండ్ సోల్ టెనర్ వాళ్లందరికీ గుడి లాంటిది. కానీ ముందే దాని జోలికి వెళ్లకండి. మీకు ఈ ఫ్లాట్‌లో మొదలై, మధ్య భాగంలో ఈ మేజర్‌కి, అక్కడి నుంచి డి మేజర్‌కి వెళ్తుంది. వినండి, పాడండి, వాయించడం తర్వాత.

9. వినడం, దొంగిలించడం

ఏ పాట నేర్చుకుంటున్నా దాని రికార్డింగులు కనీసం రెండు మూడు వినండి, ఒకటి గాయకులు పాడినదై ఉండాలి. ఒక సోలో మొత్తం రాసుకోనక్కర్లేదు, నచ్చిన నాలుగు బార్లు తీసుకుని నోటితో పాడండి, పాడగలిగాక శాక్స్ మీద వెతకండి. లెస్టర్ యంగ్ దీనికి మంచి గురువు, తక్కువ స్వరాలు, స్పష్టమైన మాట. ఆ నాలుగు బార్లని వేరే స్కేళ్లలోకి మార్చి వాయిస్తేనే అవి మీవవుతాయి. మీరు వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి, వాయించిన రోజే వింటే మనం మనల్ని మరీ తిట్టుకుంటాం లేదా మరీ మెచ్చుకుంటాం.

10. జాగ్రత్తలు

వాయించిన ప్రతిసారీ గుడ్డ లాగి తడి తీయండి. జి షార్ప్ ప్యాడ్ అంటుకుంటుంటే పలచటి కాగితం కింద పెట్టి నొక్కి తీయండి, మూసిపెట్టి లాగితే తోలు చిరుగుతుంది. రాడ్లకి అప్పుడప్పుడు ఒక్క చుక్క నూనె. మెరవాలని లోహపు పాలిష్ పెట్టి రుద్దకండి, అది ప్యాడ్లలోకి, రాడ్లలోకి దిగుతుంది. పాత పెట్టె బూజు వాసన వస్తుంటే, లోపల శాక్స్ కదులుతుంటే, మొహమాటం లేకుండా కొత్త పెట్టె కొనండి. రవాణాలో దెబ్బలు తగిలేది చాలావరకు పెట్టె లోపలే.

11. నలుగురిలో వాయించేటప్పుడు

జామ్‌కి (నలుగురూ చేరి అప్పటికప్పుడు వాయించే చోటుకి) వెళ్తే పాట పేరు, స్కేల్, వేగం ముందే చెప్పండి. పాట మొత్తం ఒకసారి వాయించి, సోలో పాట రెండుసార్లు తిరిగేసరికి ఆపేయండి, ఎంత బాగా వస్తున్నా సరే. డ్రమ్మర్ మోత పెంచితే మీరు దవడ బిగించి పైకి వెళ్లకండి, పాత శాక్స్ గొంతు వెడల్పుగా పరుచుకుంటుంది, అరిస్తే పలచబడుతుంది. అదే వాక్యాన్ని అడుగు రిజిస్టర్‌లో నిండుగా వాయించండి, మోత తగ్గించాల్సింది వాళ్లే. మైక్ ఉంటే బెల్ లోపలికి కాకుండా కాస్త దూరంగా, బెల్‌కి పైన, ఎడమ చేతి వైపుకి తిప్పి పెట్టండి, టెనర్ శబ్దం అన్ని రంధ్రాల నుంచీ వస్తుంది కాబట్టి.

ముగింపు ముందే మాట్లాడుకోండి. ఏమీ అనుకోకపోతే చివరి నాలుగు బార్లని మూడుసార్లు తిప్పి ఆపడం అందరికీ తెలిసిన పద్ధతి. మూడోసారి వస్తున్నప్పుడు బాస్ వాళ్ల వైపు చూసి శాక్స్‌ని కొంచెం పైకెత్తండి, అందరూ కలిసి ఆగుతారు.